‘చాటింగ్ చేస్తారా?’ అంటే ‘లేదు’ అనే చెప్తారు

సర్వేలు, లెక్కలు, ప్రాజెక్టు పనుల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక. రాస్తున్నది ఇరవై ఎనిమిదేళ్లు ఇంటింటి సర్వేలు చేసి రిటైరైన ఒక ఫీల్డు ఉద్యోగిని.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను డిగ్రీ సెకండియర్ చదువుతూ కాలేజీ హాస్టల్లో ఉంటున్నాను. స్టాటిస్టిక్స్ ప్రాజెక్టుకి ‘విద్యార్థుల్లో ఆన్‌లైన్ సంభాషణ’ అనే టాపిక్ తీసుకుని గూగుల్ ఫామ్‌లో పన్నెండు ప్రశ్నలు పెట్టాను. లింకు మా సెక్షన్ వాట్సాప్ గ్రూపులోనూ, హాస్టల్ గ్రూపులోనూ వేశాను. కాలేజీలో మొత్తం 640 మందిమి. మూడు రోజుల్లో 112 జవాబులు వచ్చేసరికి గంతులేశాను. రిపోర్టు కూడా రాసేశాను. ‘91 శాతం మంది విద్యార్థులు రోజూ వాట్సాప్ వాడుతున్నారు, ఈ లెక్కలో తేడా ఉంటే అటూ ఇటూ 9 శాతానికి మించదు’ అని మొదటి పేజీలోనే పెట్టాను.

తర్వాత కూర్చుని చూసుకుంటుంటే ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. రోజూ వాట్సాప్ వాడతామన్నవాళ్లు 102 మంది. ‘మీరు ఆన్‌లైన్‌లో చాటింగ్ చేస్తారా?’ అంటే మాత్రం 41 మంది ‘లేదు’ అన్నారు. ఆ 41 మందిలో 34 మంది అమ్మాయిలే. మా పక్కగది అమ్మాయి నా ముందే కూర్చుని ‘లేదు’ నొక్కింది. ఫామ్ పంపించీ పంపించగానే ఫోను నోటి దగ్గర పెట్టుకుని ‘అమ్మా, తిన్నావా? నాన్న వచ్చాడా?’ అని వాయిస్ మెసేజ్ పంపింది. వాళ్లమ్మకి చదవడం రాదు, రోజూ ఇలాగే మాట్లాడుకుంటారు. నాకు ఏమనాలో తోచలేదు.

ఇంకో ప్రశ్న ‘సోషల్ మీడియా వల్ల మీ చదువు, స్నేహాలు దెబ్బతిన్నాయా?’ అని. అవును, కాదు అని రెండే ఇచ్చాను. ‘రోజుకి ఎన్ని గంటలు వృథా అవుతున్నాయి?’ అని కూడా అడిగాను. 0–1, 1–2, 2–4, 4 పైన అని ఇచ్చాను. సరిగ్గా రెండు గంటలు వాడేవాళ్లు ఏది నొక్కాలో నాకే తెలియదు. ఫామ్ తెరవాలంటే ఈమెయిల్ ఇవ్వాలి. ఇప్పుడు అన్నీ తప్పులుగానే కనిపిస్తున్నాయి. మా సార్ చూసి బాగుందన్నారు. కానీ ఇలాగే ఇచ్చేయాలంటే మనసొప్పడం లేదు. ఇంకా పన్నెండు రోజుల టైముంది. ఇదంతా పారేయాలా మేడమ్? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, నర్సీపట్నం

జవాబు: పారేయొద్దు తల్లీ. నీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు ఆ పక్కగది అమ్మాయి దగ్గర. అక్కడ నాకు నా మొదటి సంవత్సరం ఉద్యోగం గుర్తొచ్చింది.

చిత్తూరు జిల్లాలో ఒక ఊరు. ఎవరెవరు ఏం పని చేస్తున్నారో రాసుకునే షెడ్యూలు నా చేతిలో ఉంది. ఒక ఇంటి అరుగు మీద చింతకాయల రాశి ముందు ఒకావిడ కూర్చుని ఉంది. ఎడం చేత్తో కాయని రాతి మీద పెట్టడం, కుడి చేత్తో చిన్న ఇనప సుత్తితో ఒక్క దెబ్బ వేయడం. పిక్క ఒక పక్కకి, పండు ఒక పక్కకి. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ చేయి ఆగలేదు. ‘మీరేం పని చేస్తారమ్మా?’ అని అడిగాను. ‘నేనేం పని చేస్తానమ్మా, ఇంటికాడే ఉంటా’ అంది. నేను ‘ఇంటి పని’ అని కోడ్ వేసి లేచాను. వీధి మలుపు తిరగకముందే సైకిలు మీద కాటా కట్టుకుని ఒకతను వచ్చాడు. ఆవిడ ఒలిచిన చింతపండు తూచి, కిలోకి ఇంత అని లెక్కగట్టి డబ్బులు చేతిలో పెట్టాడు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ దృష్టిలో ‘పని’ అంటే కూలికి పోవడం, పొలానికి పోవడం. అరుగు మీద కూర్చుని చేసేది పని అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేను వెనక్కి వెళ్లి ప్రశ్న మార్చి అడిగాను. ‘నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం చేశారో వరసగా చెప్పండమ్మా’ అన్నాను. పాలు పితకడం, నీళ్లు మోయడం, మధ్యాహ్నం నాలుగు గంటలు చింతపండు, సాయంత్రం గేదెకి గడ్డి, అన్నీ వచ్చాయి. ఆ రోజు షెడ్యూలులో కొట్టివేత పడింది. పైవాళ్లు అడిగితే జరిగింది చెప్పాను.

ఇప్పుడు నీ ‘చాటింగ్’ చూడు. ఇది ఇంగ్లీషు మాటే అయినా మన ఇళ్లల్లో దానికి వేరే రంగు అంటింది. ‘ఎవరితో చాటింగ్ చేస్తున్నావే?’ అని తల్లి కూతుర్ని అడిగితే, ఆ ప్రశ్న ఫోను గురించి కాదని కూతురికి తెలుసు. అబ్బాయి ఎవరు అని అడుగుతోంది. అలాంటి మాట పెట్టి, ఈమెయిల్ తీసుకుని, జవాబుతో పాటు మనిషి ఎవరో తెలిసేలా చేశావు. 34 మంది అమ్మాయిలు ‘లేదు’ అన్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. కొందరు భయపడి అని ఉంటారు. కొందరు ఆ పక్కగది అమ్మాయిలా, అమ్మతో మాట్లాడటం చాటింగ్ ఎలా అవుతుందని నిజంగానే అనుకుని ఉంటారు. ఈ రెండు రకాల ‘లేదు’లూ నీ పట్టికలో ఒకే గడిలో పడ్డాయి. వాటిని ఇప్పుడు విడదీయడం ఎవరి వల్లా కాదు. కానీ ఒకే గడిలో పడ్డాయని కనిపెట్టావు చూడు, అది రాయాలి నువ్వు.

మాట మార్చి చూడు. ‘నిన్న ఫోనులో ఎవరెవరితో మాట్లాడావు?’ అని అడుగు. కింద అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, క్లాసు వాళ్లు, ఊరి స్నేహితులు, ఇంకెవరైనా అని పెట్టు. ఒక్కొక్కరి ఎదురుగా ఎలా మాట్లాడావో అడుగు. టైపు చేశావా, వాయిస్ పంపావా, వీడియో కాల్ చేశావా, ఫొటోనో స్టిక్కరో పంపావా. ‘సంభాషణ’ అన్న మాట కూడా తీసెయ్. అది మన పిల్లలకి పరీక్ష పేపర్లో తప్ప ఇంకెక్కడా కనిపించదు. నోటితో ఎలా అంటామో అలాగే కాగితం మీద ఉండాలి.

‘నిన్న’ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ‘రోజుకి ఎంతసేపు’ అని అడిగితే మనిషి లెక్కపెట్టుకోడు, ఊహిస్తాడు. 2019లో మన జాతీయ గణాంక కార్యాలయం టైమ్ యూజ్ సర్వే చేసింది. ముందు రోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి సర్వే రోజు తెల్లవారుజామున 4 గంటల దాకా, అరగంట చొప్పున, ఏం చేశారో అడిగి రాసుకున్నారు. ఒకే అరగంటలో రెండు పనులు చేస్తే రెండూ రాశారు. ఫోనుకి ఇది మరీ ముఖ్యం. మీ మెస్సులో పిల్లలు తింటూ రీల్ చూస్తారు, రీల్ చూస్తూనే ఎవరికో జవాబు పెడతారు. ‘ఎన్ని గంటలు’ అంటే వాళ్లు మాత్రం ఏం చెప్పగలరు? అయితే మీ తరానికి మాకు లేని సాక్షి ఒకటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, నిన్న ఏ యాప్ ఎంతసేపు తెరిచారో అందులో కనిపిస్తుంది. ముందు నోటితో చెప్పించుకో. తర్వాత, వాళ్లకి ఇష్టమైతేనే, అది చూసి నిమిషాలు వాళ్లనే రాయమను. ఫోను నువ్వు చేతిలోకి తీసుకోవద్దు. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఆ తేడాయే నీ రిపోర్టులో ఒక పేజీ అవుతుంది.

‘వృథా’ అన్న మాట కొట్టేయ్. అది నిర్ణయం, నువ్వే ముందు చెప్పేశావు. ‘చదువు, స్నేహాలు’ రెండు ప్రశ్నలు చెయ్. చదువు దెబ్బతిని స్నేహాలు బాగుపడినవాళ్లు ఉంటారు. గంటల గడులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా సరిచెయ్. ఇవి గంటలో అయిపోయే పనులు, వీటికి టెన్షన్ వద్దు.

అసలు కష్టమైన సంగతి వేరే ఉంది. నువ్వు ఎవరిని అడిగావు? లింకు పెట్టింది వాట్సాప్ గ్రూపులో. అడిగింది వాట్సాప్ వాడతారా అని. బస్సులో కూర్చున్నవాళ్లని ‘మీరు బస్సెక్కుతారా’ అని అడిగినట్టే కదా. ఆ 91 శాతం కాలేజీ గురించి ఏమీ చెప్పదు. మీ గ్రూపుల్లో, ఆ మూడు రోజుల్లో లింకు చూసి, తెరిచి, ఓపిగ్గా పన్నెండు ప్రశ్నలు నింపిన వాళ్ల గురించే చెప్తుంది. 640 మందిలో 528 మంది అందులో లేరు. రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్లు, డేటా అయిపోయినవాళ్లు, గ్రూపు మ్యూట్‌లో పెట్టినవాళ్లు, ఫోనే లేనివాళ్లు అందరూ ఆ 528లో ఉన్నారు.

ఇది నీ ఒక్కదాని పొరపాటు కాదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపింది. 23 లక్షలకి పైగా తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని ఆ పత్రిక ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డులు పంపిన పేర్లు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నవి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్న ఇళ్లు ఎవరివో చెప్పక్కర్లేదు. పైగా నాలుగో వంతు మందే కార్డులు తిరిగి పంపారు. అన్ని లక్షల కార్డులు ఉండీ ఏం లాభం? అదే ఎన్నికల్లో జార్జ్ గాలప్ అనే సర్వేల నిపుణుడు అంతకన్నా ఎంతో తక్కువ మందిని అడిగి రూజ్‌వెల్ట్ గెలుస్తాడని చెప్పగలిగాడు.

అందుకని నీ మొదటి పేజీలో ఉన్న ‘అటూ ఇటూ 9 శాతం’ ఈ రోజే కొట్టేయ్. నీ లెక్క నేను చూశాను. ఒకటిని 112 వర్గమూలంతో భాగించావు, 0.094 వచ్చింది. లెక్క తప్పు లేదు. కానీ ఆ సూత్రం చీటీ వేసి మనుషుల్ని ఎంచుకున్నప్పుడు పనిచేస్తుంది. తమంతట తాము వచ్చినవాళ్లకి అది పనికిరాదు. ఆ 9 చూసి మీ సార్, రేపు నీ రిపోర్టు చదివే జూనియర్లు, ఇది గట్టి లెక్క అని నమ్ముతారు. నమ్మిన వాళ్లని మోసం చేసినట్టవుతుంది. నీకు మనసొప్పడం లేదన్నావే, ఆ మాట విని నాకు నీ మీద గౌరవం కలిగింది.

పన్నెండు రోజుల్లో ఏం చేయొచ్చంటే, ఆఫీసులో హాజరు పట్టిక అడుగు. ఒకటి నుంచి పది దాకా చీటీలు వేసి ఒకటి తీయి. ఏడు వచ్చిందనుకో. 7, 17, 27 అలా ప్రతి పదో పేరూ రాసుకుంటూ పో. 64 మంది వస్తారు. 112 కన్నా తక్కువే, కానీ నాకు ఈ 64 చాలు. ఆ 64 మందినీ నువ్వే వెతుక్కుంటూ వెళ్లాలి. దొరకని మనిషి బదులు పక్కనున్నవాణ్ణి రాసుకోకూడదు. ఇది మా ఉద్యోగంలో అందరికన్నా ముందు నేర్పే మాట, అందరికన్నా ఎక్కువ మంది తప్పే మాట కూడా. ఎండన పడి వెళ్తే తాళం కనిపిస్తుంది, పక్కింటావిడ ‘రామ్మా, మమ్మల్ని రాసుకో’ అంటుంది. రాసుకుంటే ఆ రోజుకి పని అయిపోతుంది. కానీ తాళం వేసి పనికి వెళ్లిన ఇల్లూ, పగలు తీరిగ్గా ఉన్న ఇల్లూ ఒకటి కావు. మళ్లీ సాయంత్రం వెళ్లాలి. మూడుసార్లు తిరిగినా దొరకనివాళ్లుంటే, ‘ఇంతమంది దొరకలేదు’ అని రిపోర్టులో రాయాలి.

కాగితం మీద అడుగు, పేరు రాయించుకోవద్దు. మడిచి డబ్బాలో వేయించు. అబ్బాయిల దగ్గరికి క్లాసులో ఒక అబ్బాయిని పంపితే మంచిది. అడిగే మనిషిని బట్టి కూడా జవాబు మారుతుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు, బెంగాల్లో పంటల సర్వేలు చేయించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఇది గమనించి, సర్వేకి ఎంచుకున్న నమూనాని ముక్కలు చేసి వేరువేరు బృందాలకి ఇచ్చేవారు. రెండు బృందాల అంకెలు బాగా దూరంగా వస్తే, తేడా అడిగేవాళ్లలో ఉందేమోనని చూసేవారు. నువ్వూ, ఆ అబ్బాయీ ఎవరి కాగితాలు ఎవరు తెచ్చారో గుర్తుగా మూలన చిన్న చుక్క పెట్టుకోండి.

ఒక ప్రశ్న కొత్తగా చేర్చమని అడుగుతున్నాను. నీ ఫామ్‌లో ‘మీకు స్మార్ట్‌ఫోన్ ఉందా?’ అని ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లని అడిగే మాట చూడు. స్వయంగా తాము వాడుకునే ఫోను ఉందా అని అడుగుతారు. ఆ ‘స్వయంగా’లో చాలా ఉంది. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 49 శాతం మందే ఉందన్నారు. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్నవాళ్లు 21 శాతం. ఇప్పుడు పెరిగే ఉంటుంది, మీ కాలేజీలో ఇంకా ఎక్కువ ఉంటుంది. అయినా అన్నయ్య ఫోను రాత్రి తొమ్మిదింటికి ఇచ్చేయాల్సిన అమ్మాయిలు, సెలవుల్లో ఇంటికెళ్తే ఫోను నాన్న బీరువాలోకి పోయే అమ్మాయిలు మీ 640లో లేరంటావా? ‘ఈ ఫోను నీ ఒక్కదానిదేనా? నీ మెసేజీలు ఇంకెవరైనా చూస్తారా?’ అని అడుగు. మెసేజీలు ఎవరో చూస్తారని తెలిసిన మనిషి మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. నీ టాపిక్కే అది.

పాత 112 జవాబులు మాత్రం దాచు. మహలనోబిస్ బెంగాల్ జనపనార సర్వేని 1937లో చిన్నగా మొదలుపెట్టి, ఏటేటా సరిచేసుకుంటూ పోయి 1941కి రాష్ట్రమంతా చేయించారు. నీ 112 నీకు ఆ మొదటి ఏడాది లాంటివి. ‘పైలట్ సర్వే’, అంటే అసలు సర్వేకి ముందు చేసి చూసుకున్నది, అని శీర్షిక పెట్టి, పాత ప్రశ్న, వచ్చిన జవాబు, అందులో ఏం బెడిసింది, కొత్త ప్రశ్న అని నాలుగు వరసల్లో పట్టిక వెయ్. ఈమెయిళ్లు ఉన్న కాలమ్ మాత్రం ముందు తుడిచెయ్. మీ సార్‌తో కూడా దాపరికం లేకుండా మాట్లాడు. ‘బాగుంది’ అన్నాయన కాబట్టి మొహమాటపడతావేమో, వద్దు. పక్కగది అమ్మాయి సంగతి చెప్తే ఆయనకీ అర్థమవుతుంది. ఆ అమ్మాయి పేరు మాత్రం ఎక్కడా రాయకు.

ప్రశ్న: మా తొమ్మిదో తరగతి పిల్లల చేత వాళ్ల ఇళ్లల్లో చిన్న సర్వే చేయించాం. ‘వీడియో కాల్‌లో మాట్లాడితే ఎదురుగా మాట్లాడినట్టే ఉంటుంది’ అని ఒక వాక్యం ఇచ్చి, ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను, తటస్థం, అంగీకరించను, అసలు అంగీకరించను’ అని ఐదు గడులు పెట్టాం. దాదాపు అందరూ ‘తటస్థం’ దగ్గరే టిక్కు పెట్టారు. ఎందుకు మేడమ్?
— ఒక టీచర్, కరీంనగర్

జవాబు: టీచర్ గారూ, ఆ ఐదు మాటల్లో ఒక్కటైనా ఇంట్లో ఎవరైనా అనగా విన్నారా? ‘అంగీకరిస్తున్నాను’ అనేది రిజిస్ట్రారాఫీసు కాగితాల మాట. ‘తటస్థం’ అంటే ఏంటో పిల్లవాడు చెప్పలేడు, తల్లి అడగలేదు. మధ్యలో ఉన్నది నొక్కితే ఎవరికీ నొప్పి లేదు.

గడులు తీసేసి చింతపిక్కలు పట్టుకెళ్లమనండి. నేను ఎన్నో ఊళ్లలో అలాగే చేశాను. నేల మీద సుద్దముక్కతో రెండు సున్నాలు గీయాలి. ఒకటి ‘ఎదురుగా ఉన్నట్టే ఉంటది’, రెండోది ‘అట్లుండదు’. పది పిక్కలు చేతికిచ్చి, ఎటెన్ని పెడతారో పెట్టమనాలి. చదువు రానివాళ్లు కూడా క్షణం ఆలస్యం చేయరు. ఏడు ఇటు, మూడు అటు పెట్టాక ‘ఆ మూడు ఎందుకు పెట్టారు?’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. మీ జిల్లాలో గల్ఫ్‌కి వెళ్లిన వాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న కొందరికి చాలా దగ్గరి ప్రశ్న. దుబాయ్‌లో ఉన్న భర్తతో రోజూ వీడియోలో మాట్లాడే ఆవిడని, ఆవిడ కొడుకే ఎదురుగా నిలబడి అడిగితే చెప్పడం కష్టం. అందుకే పిల్లలు సొంత ఇల్లు వదిలి ఇంకొకరి ఇంటికి వెళ్లేలా మార్చండి.

ఒక్కోసారి పిక్కలు పదీ కింద పడవు. రెండో మూడో చేతిలోనే ఉంచుకుని తిప్పుతూ కూర్చుంటారు. తొందరపెట్టి పెట్టించవద్దని పిల్లలకి ముందే చెప్పండి. చేతిలో ఎన్ని ఉండిపోయాయో లెక్కపెట్టి, అది వేరే గడిలో రాసుకోమనండి.